బురద కడిగిన బండే మంట ఆర్పింది: పండగల వేళ బెజవాడలో అగ్నిమాపక, 108 సేవలపై ఒక సమీక్ష

హోటల్లో తిన్న పెసరట్టుకూ, కొత్తగా కొన్న మిక్సీకీ సమీక్ష రాయడం మనకు అలవాటే. 101కు ఫోన్ చేస్తే వచ్చే ఎర్రబండికి సమీక్ష రాసినవారిని మాత్రం నేను చూడలేదు. డబ్బు పెట్టి కొనుక్కున్న సరుకు కాదు గనుక దాని బాగోగులు తూచే పని మనది కాదని అనుకుంటాం కాబోలు. కానీ 2024 సెప్టెంబర్ మొదలుకొని మరుసటి సంక్రాంతి వరకు గడిచిన నాలుగున్నర నెలల్లో మా కాలనీకి ఆ బండి రెండుసార్లు వచ్చింది, 108 ఒకసారి వచ్చింది, టపాసుల దుకాణాల దగ్గర ఆ సిబ్బంది చేసే తనిఖీని నేను పక్కనే నిలబడి చూశాను. అపార్ట్‌మెంట్ సంఘానికి కార్యదర్శిని కావడం వల్ల వీటన్నింటిలో నాకూ కొంత పాత్ర ఉంది. అందులో చెప్పుకోదగ్గది తక్కువ, తలదించుకోవలసింది ఎక్కువ. అయినా సేవ పొందినవాడిగా చూసినది చూసినట్టు రాస్తున్నాను.

మాది విజయవాడలో బుడమేరు వాగు ముంచిన కాలనీల్లో ఒకటి. 2024 సెప్టెంబర్ 1, ఆదివారం నాడు వీధిలోకి వచ్చిన నీరు చూస్తుండగానే కింది అంతస్తు కిటికీలు దాటింది. బుడమేరును బెజవాడ దుఃఖదాయిని అంటారని చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నాం, గట్టుకు గండ్లు పడిన ఆ వారంలో ఆ మాటకు అర్థం తెలిసింది. నీరు తీశాక మిగిలింది బురద. పొలంలో తొక్కే బురదకూ దానికీ పోలిక లేదు. మురుగునీరు, బండ్లలోంచి కారిన ఆయిలు, కుళ్లిన బియ్యం అన్నీ కలిసి గచ్చుకు జిగురులా పట్టిన నల్లటి మడ్డి అది. చీపురుతో తోస్తే పక్కకు జారుతుంది తప్ప పోదు. బోరు మోటార్లు మునిగిపోవడంతో కడగడానికి చెంబెడు నీళ్లు లేవు. అటువంటి సమయంలో ముంపు ప్రాంతాల ఇళ్లనూ వీధులనూ కడగడానికి ప్రభుత్వం ఫైరింజన్లను దింపింది. మా వీధికి వచ్చిన బండితో నా మొదటి పరిచయం అదే.

ఆ రోజు చూసిన ఒక పనితనం గురించి చెప్పాలి. మా కింది ఇంట్లో ఒంటరిగా ఉండే పెద్దావిడ, పైపు పట్టుకుని గుమ్మంలోకి వచ్చిన ఫైర్‌మన్‌తో ముందు హాలు కడగమని అన్నారు. అతను ఒప్పుకోలేదు. "వెనక గది నుంచి కడుక్కుంటూ రావాలమ్మా, ముందు నుంచి కొడితే బురదంతా మీ పడకగదిలో చేరుతుంది" అని చెప్పి, పైపును భుజం మీదుగా వంటింటి దాకా లాక్కెళ్లి, అక్కడి నుంచి నేలకు ఆనించినట్టుగా నీటిధారను పట్టి, మడ్డిని గుమ్మం వైపు నడిపించుకుంటూ వచ్చాడు. దేవుడి గది దగ్గరకు రాగానే నాజిల్‌ను తిప్పి ధారను జల్లుగా మార్చాడు. గోడకున్న వెంకటేశ్వరస్వామి పటం అద్దం మీది బురద పటం కదలకుండానే కారిపోయింది. ఆవిడ ఆ పటం వైపే చూస్తూ నిలబడిపోయారు. మంట ఆర్పడానికి శిక్షణ పొందిన మనిషికి ఇల్లు కడగడంలో ఇంత ఒడుపు ఎందుకు ఉండాలి అని ఆనాడు అనుకున్నాను గానీ, నీటిని ఎక్కడి నుంచి ఎటు తోలాలో తెలియడమే వాళ్ల విద్య మొత్తం అని తరువాత తెలిసింది.

ఇళ్లు శుభ్రపడ్డాయి గానీ సామాను మిగిలింది. నానిపోయిన పరుపులు, ఉబ్బిన చెక్క మంచాలు, సోఫాలు, పిల్లల పుస్తకాలు వీధుల్లో గుట్టలుగా పడ్డాయి. నగరపాలక సంస్థ లారీలు వచ్చి చాలావరకు ఎత్తుకెళ్లాయి. అయితే ఎండబెడితే మళ్లీ పనికొస్తాయేమోనన్న ఆశతో కొందరం కొన్నింటిని మా అపార్ట్‌మెంట్ వెనకనున్న ఖాళీ స్థలంలోకి చేర్చాం. బూరుగు దూది పరుపులను అవతల పారేయడానికి మా తరానికి చెయ్యి రాదు. దసరా వెళ్లేసరికి అవి చక్కగా ఎండాయి. ఎండాక ఎవరూ వెనక్కి తీసుకోలేదు. తీయించవలసిన బాధ్యత సంఘానిది, అంటే నాది. "దీపావళి కాగానే చూద్దాం" అని మినిట్స్ పుస్తకంలో నా చేతితో నేనే రాసుకున్నాను.

దసరా గురించి ఎక్కువ చెప్పను. ఆ పది రోజులూ ఇంద్రకీలాద్రికీ స్నాన ఘాట్లకూ వచ్చే జనసందోహం ఎంతో బెజవాడ వాళ్లకు చెప్పనక్కర్లేదు. ఊరంతా అమ్మవారి దర్శనానికి పోతుంటే ఖాకీ బట్టల్లో నీళ్ల వైపు తిరిగి నిలబడే అగ్నిమాపక సిబ్బంది కొందరుంటారని మాత్రం గుర్తుచేస్తున్నాను.

దీపావళికి ముందు టపాసుల దుకాణాల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ సేవలో ఎవరికీ కనిపించని భాగం అక్కడే ఉంది. మా వైపు ఒక మైదానంలో ఏటా తాత్కాలిక దుకాణాలు వెలుస్తాయి. మా మేనల్లుడు ఆ ఏడు స్నేహితులతో కలిసి ఒక దుకాణం పెట్టడం వల్ల నేను రెండుసార్లు అక్కడికి వెళ్లాను. 2008 నాటి పేలుడు పదార్థాల నిబంధనల ప్రకారం ఇటువంటి షెడ్డును మండని సామగ్రితో కట్టాలి. షెడ్డుకూ షెడ్డుకూ మధ్య కనీసం 3 మీటర్ల ఎడం ఉండాలి, ఒకదానికొకటి ఎదురెదురుగా ఉండకూడదు, ఒక్కచోట 50 దుకాణాలకు మించకూడదు. చుట్టుపక్కల 50 మీటర్ల లోపు టపాసు కాల్చి చూపించకూడదు. కరెంటు దీపం పెడితే గోడకో కప్పుకో బిగించాలి తప్ప వైరుకు వేలాడదీయకూడదు. కాగితం మీద ఇవన్నీ ఎప్పటి నుంచో ఉన్నవే. నేను చూసిన కొత్త సంగతి ఏమిటంటే, ఒక ఫైర్‌మన్ టేపు పట్టుకుని ప్రతి రెండు షెడ్ల మధ్యా వంగి కొలవడం. మా మేనల్లుడి దుకాణానికీ పక్కదానికీ మధ్య రెండున్నర మీటర్లే వచ్చింది. అప్పటికే రేకులు బిగించేశారు. పక్క దుకాణదారు "రెండు రోజుల బేరానికి ఇంత పట్టుదల ఎందుకన్నా" అని బతిమాలాడు. "జింఖానాలో కూడా రెండు రోజుల బేరమే గదా అన్నా" అన్నాడతను, టేపు చుట్టుకుంటూ.

మరొక మాట అక్కర్లేకపోయింది. 2022 అక్టోబర్ 23న, దీపావళికి ముందురోజు, గాంధీనగర్ జింఖానా మైదానంలో టపాసుల దుకాణాలు అంటుకుని ఇద్దరు చనిపోయిన సంగతి ఊళ్లో ఎవరూ మరిచిపోలేదు. రేకులు విప్పి షెడ్డును అరమీటరు జరిపారు. వేలాడుతున్న రెండు బల్బులను దింపించి, కప్పుకు క్లిప్పులు కొట్టించి, ఇసుక బకెట్లలో నిజంగా ఇసుకే ఉందా అని చెయ్యి పెట్టి చూసి మరీ అతను ముందుకు కదిలాడు. ఒక బకెట్లో పైన రెండంగుళాలు ఇసుక, కింద కంకర బయటపడ్డాయి. మనవాళ్ల తెలివితేటలకు కొదవ లేదు. అటువంటి తెలివితేటలు ఇంకెన్ని చూసి ఉంటే బకెట్టులో చెయ్యి పెట్టాలన్న ఆలోచన వస్తుందో మీరే ఊహించండి.

2024లో దీపావళి అక్టోబర్ 31, గురువారం నాడు వచ్చింది. ముంపు మరకలు ఇంకా గోడల మీద నడుము ఎత్తున గీత గీసినట్టు ఉన్నాయి. ఈ ఏడు పండగ వద్దనుకున్నవాళ్లు కూడా పిల్లల ముఖం చూసి మెత్తబడ్డారు. చీకటి పడగానే గోగుకర్రలకు నూనెలో తడిపిన గుడ్డవత్తులు కట్టి, "దిబ్బు దిబ్బు దీపావళి, మళ్లీ వచ్చే నాగులచవితి" అంటూ పిల్లలు దివిటీలు కొట్టారు, కాళ్లు కడుక్కుని నోరు తీపి చేసుకున్నారు, ఆ తరువాత మతాబులు, చిచ్చుబుడ్లు మొదలయ్యాయి. టపాసులు కాల్చడానికి రాత్రి 8 నుంచి 10 వరకు రెండు గంటలే అన్న నియమం సుప్రీంకోర్టు 2018 తీర్పు తరువాత అందరికీ తెలిసినదే. దాన్ని మా కాలనీ మీరలేదు. 9 గంటల 20 నిమిషాలకు ఎవరి మేడ మీది నుంచో ఎగిరిన తారాజువ్వ దారి తప్పి వెనక స్థలంలోని పరుపుల గుట్ట మీద వాలింది. మొదట పొగ, ఆ తరువాత ఒక్కసారిగా సోఫాల్లోని ఫోమ్ అంటుకుని మంట రెండో అంతస్తు కిటికీ ఎత్తుకు లేచింది.

నేను 101కు చేశాను. ఫోన్ ఎత్తినాయన వరుసగా ఐదు ప్రశ్నలు అడిగాడు: ఏది కాలుతోంది, లోపల మనుషులున్నారా, దగ్గరలో గ్యాస్ సిలిండర్లున్నాయా, ఏ సెంటర్ దగ్గర, బండి ఏ వైపు నుంచి రావాలి. డోరు నంబరు చెప్పబోతే వారించి, రామాలయం వీధికి ఎడమా కుడా అని అడిగాడు. అది సరైన ప్రశ్న. బెజవాడలో డోరు నంబరు పట్టుకుని ఇల్లు వెతకడం పోస్ట్‌మన్‌కు తప్ప ఎవరికీ చేతకాదు. నా ఫోన్‌లో చూసుకుంటే మాట్లాడింది ఒక నిమిషం కంటే తక్కువ, బండి వీధి మొదట కనిపించింది 11 నిమిషాల తరువాత. పండగ రాత్రి, రోడ్డు నిండా జనం, అయినా ఆ సమయం మంచిదనే నా అభిప్రాయం.

బండి వీధి మొదటే ఆగిపోయింది. పండగకు వచ్చిన అల్లుళ్ల కార్లూ కూతుళ్ల కార్లూ రెండు వైపులా నిలబెట్టి ఉన్నాయి, మధ్యలో ఆటో పట్టేంత దారి మిగిలింది. డ్రైవరు ఒకసారి దిగి చూసి, కార్లు తీయించమని గొడవ పెట్టకుండా అక్కడే నిలిపేశాడు. సిబ్బంది చుట్టలుగా ఉన్న పైపులను దింపి, రోడ్డు మీద దొర్లించుకుంటూ ఒకదానికొకటి తగిలించారు. ఐదు చుట్టలు, దాదాపు 125 మీటర్లు. ఈ పని జరుగుతుండగానే వారిలో పెద్దవాడైన లీడింగ్ ఫైర్‌మన్ మంట వైపు చూడనైనా చూడకుండా పక్కింటి మెట్లెక్కి, బాల్కనీలో మూలన ఉన్న నిండు సిలిండరును భుజాన వేసుకుని దించి వీధి చివరకు చేర్చాడు. మేమంతా వీడియోలు తీస్తున్న చేతులతో ఉన్నాం. ఆ సిలిండరు అక్కడున్న సంగతి మాలో కనీసం పదిమందికి తెలుసు.

నీళ్లు వచ్చాక జరిగినది చూసి జనం కేకలు వేశారు. మొదటి ధారను మంట మీద కాకుండా పక్కింటి గోడ మీదా, కిటికీ మీదా, ఏసీ బయటి పెట్టె మీదా పట్టారు. "మంట అక్కడుంటే గోడ తడుపుతారేంటి" అని మా సంఘం కోశాధికారిగారే అరిచారు. పరుపుల గుట్ట ఎలాగూ పోయింది, పోకుండా చూడవలసింది ఆ ఇల్లు. ఇంటిని ముందు చల్లబరిస్తే మంటకు వెళ్లడానికి చోటుండదు. ఈ లెక్క తెలియని మాకు వాళ్లు నీళ్లు వృథా చేస్తున్నట్టు కనిపించింది. వాటర్ టెండర్ అనే ఈ ఫైరింజను మోసేది సాధారణంగా 4,500 లీటర్లు. పైపు పూర్తిగా విప్పితే అది పది నిమిషాలపాటు రావడమే కష్టం. అంత కొద్ది నీటిని ఎక్కడ ముందు ఖర్చు పెట్టాలన్న నిర్ణయంలోనే ఈ సేవ విలువ ఉందని నేను ఇప్పుడు చెప్పగలను. ఆ రాత్రి చెప్పలేకపోయాను, నేనూ అరిచినవాళ్లలో ఒకడిని.

టెండర్‌లో నీళ్లు అయిపోవస్తుండగా లీడింగ్ ఫైర్‌మన్ నా దగ్గరకు వచ్చి "సంపు ఎక్కడ సార్" అని అడిగారు. సంపు అపార్ట్‌మెంట్ ముందే ఉంది, నిండుగా ఉంది. దాని మూత మీద మందార, నందివర్ధనం, మూడు గులాబీ కుండీలు వరుసగా ఉన్నాయి. ఆ కుండీల మధ్య పిల్లలు వెలిగించిన దీపాలు కూడా ఉన్నాయి. దీపాలు తీసి, కుండీలు మోసి పక్కన పెట్టాక చూస్తే ఇనుప మూత చట్రానికి తుప్పుపట్టి అతుక్కుపోయింది. గునపం కోసం వాచ్‌మన్ పరుగెత్తాడు. మూత లేచేలోగా రెండో బండి వచ్చింది గనుక సరిపోయింది. రాకపోయి ఉంటే, నిండు సంపును పక్కనే పెట్టుకుని ఇల్లు కాల్చుకున్న ఘనత మాకు దక్కేది. రెండో బండిని ఎవరూ పిలవలేదు. మొదటి బండి వీధి మొదట ఆగినప్పుడే డ్రైవరు వైర్‌లెస్‌లో అడిగాడట.

పది గంటల కల్లా మంట లేదు. జనం ఇళ్లలోకి వెళ్లారు, ఆగిపోయిన భోజనాలు మళ్లీ మొదలయ్యాయి. ఈ సమీక్ష రాయాలని నాకు అనిపించింది మాత్రం ఆ తరువాతి గంటన్నరను చూసి. దూది పరుపు నిప్పును కడుపులో దాచుకుంటుంది. పైన తడిసి నల్లగా కనిపిస్తున్నా లోపల ఎక్కడో రవ్వ రాజుకుంటూనే ఉంటుంది, తెల్లవారుజామున గాలి తగిలితే మళ్లీ లేస్తుంది. అందుకని నలుగురు మనుషులు కొక్కేలతో ఒక్కో పరుపును గుట్టలోంచి లాగి, నిలువునా చీల్చి, దూదిని నేల మీద పరిచి, తడిపి, మళ్లీ తిరగేశారు. ఒక కుర్రవాడు చేతి తొడుగు తీసి, అరచేతి వెనక భాగాన్ని ప్రతి దూదిముద్ద మీదా ఆనించి చూస్తున్నాడు, జ్వరం వచ్చిన పిల్లవాడి నుదుటి మీద తల్లి చెయ్యి వేసినట్టుగా. ఎందుకలా అని అడిగితే, అరచేయి మొద్దుబారి ఉంటుంది, వెనక చర్మానికి వేడి తొందరగా తెలుస్తుందన్నాడు. పొగకు అతని కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఎవరో మైసూర్‌పాకు పట్టుకొస్తే చేతులకున్న మసి చూపించి నవ్వాడు. ఆ పిల్లవాడికి పాతికేళ్లు మించవు, అతని ఇంట్లోనూ ఆ రాత్రి దీపావళే.

వాళ్లు వెళ్లేటప్పుడు 11 గంటల 40 నిమిషాలు. పైసా అడగలేదు, ఎవరూ ఇవ్వబోలేదు కూడా. పక్కింటివారికి పగిలిన కిటికీ, పాడైన ఏసీ కోసం బీమా కంపెనీకి చూపించుకునేందుకు అగ్నిమాపక శాఖ ఇచ్చే ధ్రువపత్రానికి ఎలా దరఖాస్తు చేసుకోవాలో లీడింగ్ ఫైర్‌మన్ నిలబడి చెప్పి మరీ బండి ఎక్కారు.

అదే రాత్రి, మంట సంగతి ఇంకా తేలకముందే, పక్క బ్లాకులో మరొక ప్రమాదం జరిగింది. తొమ్మిదేళ్ల పిల్లవాడు వెలగని చిచ్చుబుడ్డి మీదకు వంగి చూడబోతే అది ముఖం మీదకు ఎగిసింది. కుడి కన్ను తెరవలేకపోతున్నాడు, చెయ్యి కమిలింది. వాళ్ల నాయనమ్మగారు చేతికి పసుపు అద్దబోతున్నారు, ఎవరో టూత్‌పేస్ట్ తెచ్చారు. 108కు ఫోన్ చేస్తే, బండి బయలుదేరే ఏర్పాటు చేస్తూనే అవతలివాళ్లు చెప్పిన మాటలు ఇవి: కన్ను నలపనివ్వకండి, చేతి మీద ఏమీ రాయకండి, కొళాయి నీళ్లు ధారగా పోస్తూనే ఉండండి. కాలిన చోట 20 నిమిషాలపాటు చల్లని నీటిధార పట్టడమే మొదటి వైద్యం. ఐసు గడ్డలూ పనికిరావు. ఇది తెలిసినవాళ్లు ఆ గదిలో ఒక్కరూ లేరు, నన్ను కలుపుకొని.

బండి 14 నిమిషాలకు వచ్చింది. అందులోని ఈఎంటీ, అంటే అత్యవసర చికిత్స చేసే ఉద్యోగి, ఒక అమ్మాయి. వచ్చీరాగానే నేల మీద మోకాళ్లు ఆన్చి పిల్లవాడి ఎత్తుకు దిగి, "నాన్నా, నేను నీ కన్ను ముట్టుకోను, నువ్వూ ముట్టుకోకూడదు, ఇద్దరం పందెం" అంది. సెలైన్ నీటితో రెప్పల చుట్టూ ఉన్న మందుపొడిని మెల్లగా కడిగి, కంటి మీద ఒత్తిడి పడకుండా చిన్న కాగితపు కప్పును బోర్లించి చుట్టూ టేపు అంటించింది. వాడు ఏడుపు ఆపి ఆ కప్పును తడుముకోబోయి, పందెం గుర్తొచ్చి చెయ్యి దించుకున్నాడు. ప్రభుత్వ ఆసుపత్రిలో ఆ రాత్రి కంటి డాక్టరు చూశారు. చికిత్స కొన్ని వారాలు సాగింది, చూపు దక్కింది. 108ని ఇక్కడ కొత్తగా పరిచయం చేయనక్కర్లేదు. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలై, ఉమ్మడి రాష్ట్రమంతా కుయ్‌కుయ్‌మంటూ తిరిగి, ఆ తరువాత ఎన్నో రాష్ట్రాలకు పాకిన సేవ అది. మన దగ్గర పుట్టింది గనుక మనకు మామూలైపోయింది. మామూలైపోయిన దాన్ని ఎవరూ మెచ్చుకోరు.

ఇక లోపాలు. మెచ్చుకోళ్లతోనే నిండిన సమీక్షను నేనైతే నమ్మను. ఫోన్ చేసిన తరువాత బండి బయలుదేరిందో లేదో, ఎక్కడుందో తెలిసే మార్గం నాకు కనిపించలేదు. అన్నం తెచ్చే కుర్రాడు ఏ మలుపులో ఉన్నాడో ఫోన్‌లో కనిపించే రోజుల్లో, ఇల్లు కాలుతున్నవాడు 11 నిమిషాలపాటు వీధి మలుపు వైపు చూస్తూ నిలబడాలి. ఆ ఆత్రంలో మా అపార్ట్‌మెంట్ నుంచే ఐదుగురు మళ్లీ మళ్లీ అదే నంబరుకు ఫోన్ చేశారు. ఆ సమయంలో లైను కోసం ఇంకెవరు కాచుకుని ఉన్నారో తెలియదు. "బండి బయలుదేరింది" అని ఒక్క సందేశం వస్తే ఈ అవస్థ తప్పుతుంది. నంబర్ల గందరగోళం మరొకటి. 101, 108, వీటన్నింటికీ కలిపి 112 ఉన్నాయని మా పెద్దవాళ్లలో చాలామందికి తెలియదు, ఏది చేసినా తప్పు లేదని చెప్పేవారూ తక్కువ. అన్నింటికంటే పెద్ద లోటు నీళ్లది. మా వీధుల్లో హైడ్రాంటు, అంటే ఫైరింజను నీళ్లు పట్టుకునే వీధి కుళాయి, అన్నది నేను చూసి ఎరగను, బండి మోసుకొచ్చిందే నీళ్లు. అది అయిపోతే చెరువో, సంపో, మరో బండో దిక్కు. ఈ పరిస్థితిలో పని చేయవలసి రావడం సిబ్బంది తప్పు కాదు.

మా తప్పుల జాబితా ఇంకా పొడవైనది. మా అపార్ట్‌మెంట్‌లో ఆరు మంటలార్పే సిలిండర్లు గోడలకు వేలాడుతున్నాయి. ఆ రాత్రి రెండింటిని తీసి నొక్కితే ఒకటి దగ్గింది, మరొకటి అదీ చేయలేదు. పీడనం చూపే ముల్లు ఎర్రగీత మీద పడుకుని ఉంది. ఏటా రీఫిల్ చేస్తామని ఒప్పుకున్న సంస్థవాళ్లు కొత్త తేదీ ఉన్న కాగితం అంటించి, బిల్లు ఇచ్చి వెళ్లారు. ముల్లు ఎక్కడుందో చూడకుండా ఆ బిల్లు మీద సంతకం పెట్టింది నేను. వాళ్లను మార్చాం, డబ్బు మాత్రం తిరిగి రాలేదు. ఇప్పుడు ప్రతి నెల ఒకటో తేదీన వాచ్‌మన్ ఆ ఆరు ముళ్లు ఆకుపచ్చలో ఉన్నాయో లేదో చూసి పుస్తకంలో రాస్తాడు, నేను మళ్లీ చూస్తాను. వీధిలో ఒక వైపు మాత్రమే కార్లు నిలపాలన్న తీర్మానం కూడా చేశాం. సంక్రాంతికి అల్లుళ్లు వచ్చేదాకా అది బాగానే నడిచింది.

నక్షత్రాలు వేయమంటే అగ్నిమాపక సిబ్బందికి ఐదుకు నాలుగున్నర వేస్తాను. ఆ అర నక్షత్రం ఫోన్ చేసినవాడికి తిరిగి ఒక మాట చెప్పే ఏర్పాటు లేనందుకు తగ్గించాను, బండి మీదున్న మనుషులకు దానితో సంబంధం లేదు. 108 అమ్మాయికి ఐదూ వేస్తాను.

కనుమ నాడు, అంటే 2025 జనవరి 15న, అరిసెలూ జంతికలూ డబ్బాలో పెట్టుకుని కోశాధికారిగారూ నేనూ ఫైర్ స్టేషన్‌కు వెళ్లాం. ఆయనకు గోడ తడపడం గురించి అరిచిన సంగతి మనసులో ఉండిపోయింది. స్టేషన్ చాలా మామూలుగా ఉంది. ఒక బండి లోపల, పక్కన దండెం మీద ఆరేసిన తడి పైపులు, గోడ మీద ఏప్రిల్ 14 నుంచి 20 వరకు జరిపే అగ్నిమాపక వారోత్సవాల పాత బ్యానరు. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో పేలిన ఓడ మంటలు ఆర్పబోయి చనిపోయిన 66 మంది సిబ్బంది స్మరణార్థం జరిపే వారం అది. ఆ ఓడలో పేలుడు పదార్థాలతో పాటు పత్తి బేళ్లు కూడా ఉన్నాయని చదివినప్పుడు, మా ఖాళీ స్థలంలోని దూది పరుపులూ వాటిమీద వాలిన తారాజువ్వా గుర్తుకొచ్చాయి. నిరుటి మినిట్స్ పుస్తకంలోని నా చేతిరాత కూడా.

లీడింగ్ ఫైర్‌మన్ మమ్మల్ని గుర్తుపట్టారు. కుర్చీలు వేయించారు, డబ్బా మూత తీసి ముందు లోపలున్న కుర్రవాళ్లకు పంపించారు. కోశాధికారిగారు ఆ రాత్రి సంగతి ఎత్తి క్షమాపణ చెప్పబోతుండగా, ఆయన దానికి చెయ్యి అడ్డం పెట్టి, అరిసె తుంచుకుంటూ నా వైపు తిరిగారు.

"సంపు మూత మీద కుండీలు తీశారా సార్?"

గులాబీలు తీశాం. మందార ఇంకా ఉంది. ఆ సాయంత్రమే తీయించాను.